ఇందూరు ఊర పండుగ: కొలతకు దొరకని రికార్డులు

గిన్నిస్ పుస్తకం వాళ్లు బతుకమ్మను లెక్కపెట్టారు. 2016 అక్టోబరు 8న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9,292 మంది ఆడవాళ్లు ఒక్కచోట చేరి ఆడితే రికార్డు రాసుకుని, సర్టిఫికెట్ చేతిలో పెట్టి వెళ్లారు. స్టేడియం కాబట్టి కుదిరింది. దానికి గేట్లుంటాయి, గేటు దగ్గర మనిషిని నిలబెట్టి తలలు లెక్కపెట్టించొచ్చు. నిజామాబాద్‌లో ఆషాఢం ఆదివారం నాడు జరిగే ఊర పండుగను ఎవరు, ఎక్కడ నిలబడి లెక్కపెట్టాలి? గేటు లేదు, టికెట్టు లేదు. అసలు చూసేవాళ్లెవరో చేసేవాళ్లెవరో విడదీయడమే కష్టం. అందుకే ఈ జిల్లా పండుగల్లోని ఘనతలు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఎక్కకపోయినా అవి ఎంతటి ఘనతలో తెలియాలంటే పక్కన ప్రపంచంలోని పేరున్న పండుగలను పెట్టి చూడాలి. ముఖ్యంగా జపాన్‌ను. ఎండలు పోయి వానలు పడే రోజుల్లో ఊరంతా కదిలే పండుగ చేయడంలో వాళ్లకూ మనకూ ఉన్నంత పోలిక మరెక్కడా కనిపించదు.

ఒక్క ఊరేగింపు కోసం పుట్టే దేవతలు

నిజామాబాద్ అనే పేరు రైలుతో వచ్చింది. 1905లో సికింద్రాబాద్-మన్మాడ్ లైను మీద స్టేషనుకు ఆ పేరు పెట్టారు, తర్వాత ఊరికీ అదే అంటుకుంది. అంతకుముందు అది ఇందూరు. పాతబస్తీలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఇందూరనే అంటారు. ఊర పండుగకైతే ఆ పాత పేరు తప్ప మరో పేరు నప్పదు.

పండుగను నడిపేది సర్వ సమాజ్ కమిటీ. ఏ ఒక్క గుడీ దీనికి సొంతదారు కాదు, ఏ ఒక్క పూజారి కుటుంబానికీ హక్కు లేదు. ఊళ్లోని అన్ని కులాలూ కూర్చుని తేదీ చెప్పుకుంటాయి, పనులు పంచుకుంటాయి, చందాలేసుకుంటాయి. ఈ జిల్లా పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీల మాటకు ఎంత బరువుందో తెలిసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు. వింతేమిటంటే లక్షల జనాభా ఉన్న నగరపాలక సంస్థ పరిధిలో కూడా ఆ పల్లె కట్టుబాటు చెక్కుచెదరకుండా నడవడం.

దేవతలను కర్రతో కొత్తగా చెక్కించి రంగులద్దిస్తారు. పెద్ద పోచమ్మ, ఐదు చేతుల పోచమ్మ, మత్తడి పోచమ్మ, అడెల్లి పోచమ్మ: ఒక్క పోచమ్మకే ఇన్ని రూపాలు. పేర్లు వరసగా చదివితే పాత ఊరి నక్షా చదివినట్టే ఉంటుంది. చెరువు నిండి పొర్లే చోటు మత్తడి, అక్కడ కాపలా ఉన్న తల్లి మత్తడి పోచమ్మ. అడెల్లి అంటే ఇప్పటి నిర్మల్ జిల్లా సారంగాపూర్ దగ్గరి అడెల్లి. గోదావరి అవతలి తల్లికి కూడా ఇవతలి ఊరేగింపులో చోటుంది. అమ్మల వెంట తొట్లెలుంటాయి. రాట్నం, ఆసు కూడా దేవతల వరసలోనే నడుస్తాయి. నూలు వడికే పనిముట్టుకూ నేతకు పడుగు తోడే పనిముట్టుకూ అమ్మవారితో సమానంగా మొక్కే ఊరు మరెక్కడైనా ఉందేమో వెతకాల్సిందే.

ఆదివారం పొద్దున ఖిల్లా నుంచి ఊరేగింపు లేస్తుంది. డప్పులు, పోతరాజులు, పసుపు బండారు. గాజుల్‌పేట్, పెద్దబజార్, గోల్ హనుమాన్ మీదుగా ఇరుకు గల్లీల్లో జనం మధ్య నుంచి అమ్మలు కదులుతారు. చివరికి కొందరు వినాయక్‌నగర్ వైపు, కొందరు దుబ్బ వైపు. అంటే ఊరికి రెండు దిక్కులా పొలిమేర దాకా సాగనంపడం. అక్కడ దింపితే పండుగ అయిపోయినట్టే. తిరిగి తీసుకొచ్చి గుళ్లో పెట్టడం ఉండదు. చెక్కిన శిల్పం శాశ్వతంగా ఉండాలని అందరూ కోరుకుంటారు. ఇక్కడ మాత్రం పని అయిపోగానే దేవత ఊరు దాటాలి. ఎందుకంటే ఆమె ఒంటరిగా వెళ్లడం లేదు, ఊళ్లోని రోగాన్ని వెంటబెట్టుకుని వెళ్తోంది.

ఊరేగింపు బయలుదేరే ఖిల్లాకు మరో ఘనత ఉంది. గుట్ట మీద రఘునాథాలయం, పక్కనే పాత జైలు. నిజాం కాలంలో దాశరథి కృష్ణమాచార్యను బంధించింది ఈ జైల్లోనే. కాగితం లేక గోడ మీద బొగ్గుతో పద్యం రాశాడన్నది తెలంగాణలో బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. గోడ మీద రాసి ఇంత పేరు తెచ్చుకున్న పద్యం తెలుగులో మరొకటి లేదు.

గత్తర పెట్టిన పండుగలు

ఆషాఢం అంటే కొత్త నీళ్లు. బావుల్లోకి వరద చేరుతుంది, ఈగలు ముసురుతాయి, వాంతులు విరేచనాలు మొదలవుతాయి. తెలంగాణ పల్లెల్లో గత్తర అనే మాట పలకడానికే భయపడిన రోజులున్నాయి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల వెనక ఉన్నది అదే గత్తర. 1813లో జంట నగరాల్లో జనం పిట్టల్లా రాలిపోతుంటే, పటాలంతో ఉజ్జయినికి వెళ్లిన డోలీ మోసే సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. తగ్గాక 1815లో కర్ర విగ్రహం తెచ్చి సికింద్రాబాద్‌లో నిలిపాడు. మొదటి విగ్రహం కర్రదేనని గమనించండి.

ఈ కుటుంబంలో అతి పెద్ద వయసు మాత్రం జపాన్ పాత రాజధాని క్యోటోలోని గియోన్ పండుగది. క్రీ.శ. 869లో అక్కడ రోగాలు చెలరేగాయి. అకాల మరణాల పాలైనవాళ్ల ఆత్మలు పగబట్టాయని భయపడి, దేశంలో ఎన్ని ప్రాంతాలున్నాయో అన్ని, అంటే 66 బల్లేలు నిలబెట్టి శాంతి చేశారు. 970 నుంచి ఏటా జరుగుతోంది. ఆ బల్లేలే కాలక్రమంలో రథాలయ్యాయి. ఇప్పుడు 34 రథాలు. జులై 17న 23, జులై 24న మిగతా 11 బయటికి వస్తాయి. పెద్ద రథం 25 మీటర్ల ఎత్తు, 12 టన్నుల దాకా బరువు ఉంటుంది. దాన్ని మేకు లేకుండా కేవలం తాళ్లతో బిగిస్తారు. చక్రాలు పక్కకు తిరగవు కాబట్టి చౌరస్తాలో వెదురు బద్దలు పరిచి, నీళ్లు చల్లి, ఒక్క ఊపున లాగి మలుపు తిప్పుతారు. ముందు నడిచే రథం మీద ఒక పిల్లవాడు దేవుడి ప్రతినిధిగా కూర్చుంటాడు. ఆ రోజు అతని కాలు నేలకు తగలకూడదు.

ఇంత పాత పండుగ ఆగిన సందర్భాలూ ఉన్నాయి. 1467లో మొదలైన ఓనిన్ యుద్ధంతో క్యోటో కాలిపోయి, 33 ఏళ్లు రథాలు కదల్లేదు. 1500లో మళ్లీ లేచాయి. రెండో ప్రపంచయుద్ధంలో మరోసారి ఆగాయి. 2020, 2021లో కరోనా వల్ల రథాల ఊరేగింపు జరగలేదు. రోగాన్ని తరమడానికి పెట్టుకున్న పండుగను రోగమే రెండేళ్లు ఆపేసింది. ఇంతకన్నా పెద్ద వింత ఈ వ్యాసంలో మరొకటి రాదు.

ఇందూరు ఊర పండుగకు అసలైన తోబుట్టువు మాత్రం క్యోటో కాదు, ఫుకుఓకా నగరంలోని హకాతా అని నాకనిపిస్తుంది. అక్కడిది జులై 1 నుంచి 15 దాకా జరిగే గియోన్ యమకాసా. 1241లో రోగాలు ప్రబలినప్పుడు ఒక బౌద్ధ సన్యాసిని పల్లకీ లాంటి అరుగు మీద ఎక్కించి వీధి వీధీ మోశారనీ, ఆయన మంత్రజలం చల్లుకుంటూ పోయాడనీ కథ. ఇప్పుడు ఆ అరుగు స్థానంలో టన్ను బరువున్న బొమ్మల మోపు. జులై 15 తెల్లవారుజామున సరిగ్గా 4 గంటల 59 నిమిషాలకు దాన్ని భుజాలకెత్తుకుని అయిదు కిలోమీటర్లు పరుగెడతారు, దారి పొడవునా జనం బకెట్లతో వాళ్ల మీద నీళ్లు కుమ్మరిస్తారు. పండుగ నాళ్లలో మగవాళ్లు కీరా దోసకాయ ముట్టరు. అడ్డంగా కోస్తే కనిపించే గుర్తు దేవుడి ముద్రను పోలి ఉంటుందట! బొమ్మలను ఏటా కొత్తగా చేయించడం, పరుగు ముగియగానే మోపును విప్పేయడం కూడా అక్కడి ఆచారమే. పేరున్న బొమ్మల కళాకారులు నెలల తరబడి చేసిన పని ఆ పొద్దుతో సరి. హకాతా వాళ్లకు ఇందూరు కర్ర పోచమ్మ కథ చెబితే వెంటనే అర్థం చేసుకుంటారు.

రోగం పోయింది, అమ్మ ఉంది

పోచమ్మ మశూచి తల్లి. మశూచి భారతదేశంలో చివరిసారి కనిపించింది 1975లో. భూమి మీద ఇక లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. మనిషి పూర్తిగా తుడిచిపెట్టగలిగిన మనుషుల జబ్బు ఇప్పటికి అదొక్కటే. ఆ లెక్కన పోచమ్మ పని అప్పుడే ముగిసిపోవాలి. ముగియలేదు. డెంగీ వచ్చినా, పిల్లవాడికి ఒంట్లో నలతగా ఉన్నా, కొత్త ఆటో కొన్నా, వాన ఆలస్యమైనా ఆమె దగ్గరికే వెళ్తారు. శత్రువు చచ్చిపోయాక కూడా ఉద్యోగం ఊడని సేనాపతి ఈమె ఒక్కతే.

సరి కోసం తోపులాట

ఊర పండుగలో అందరి కళ్లూ దేవతల మీద ఉంటాయి, చేతులు మాత్రం సరి కోసం చాచి ఉంటాయి. వండిన ధాన్యంలో బలి రక్తం కలిపి ఊరేగింపు దారిలో చల్లేదే సరి. వేరే ఊళ్లలో పొలి అంటారు. అక్కడ పొలి చల్లే మనిషి రాత్రిపూట ఊరి చుట్టూ తిరుగుతాడు, ఎదురు రావద్దని జనం తలుపులు వేసుకుంటారు. ఇందూరులో సరిగ్గా దీనికి తలకిందులు. పట్టపగలు, బజారు నడిబొడ్డున చల్లుతుంటే జనం ఎగబడతారు. కింద పడినదాన్ని ఏరుకుంటారు, కొంగున కట్టుకుంటారు, ఇంటికి తీసుకెళ్లి గుమ్మం దగ్గర, పొలంలో చల్లుకుంటారు. ఏడాది పొడవునా చెడు దగ్గరికి రాదని నమ్మకం.

క్యోటోలోనూ ఇలాంటిదే ఒకటుంది: చిమాకి. వెదురు జాతి ఆకును గడ్డితో చుట్టి కట్టిన చిన్న కట్ట. తినేది కాదు. ఇంటి వాకిలి మీద వేలాడదీస్తే రోగం లోపలికి రాదు. ఒకప్పుడు రథాల మీది నుంచి జనంలోకి విసిరేవారు. తోపులాటలో దెబ్బలు తగులుతున్నాయని మాన్పించి, ఇప్పుడు రథాల దగ్గర అమ్ముతున్నారు. వరసలో నిలబడి, డబ్బులిచ్చి, సంచిలో వేసుకుని పోవాలి. భద్రత పెరిగింది, నిజమే. నాకు మాత్రం ఇందూరు తోపులాటే నచ్చుతుంది. దేవత ఇచ్చేది ఊరికే వచ్చి ఒంటి మీద పడాలి గానీ దానికి ధరల పట్టీ ఏమిటి? సరి ఇప్పటికీ అమ్మకానికి రాలేదు.

దక్కన్ నుంచి అతి దూరం ఊరేగిన తివాచీ

క్యోటో రథాలకు చుట్టూ తివాచీలు, బొమ్మల నేతలు వేలాడదీస్తారు. కదిలే మ్యూజియం అని వాటికి పేరు. అందులో కొన్ని యూరప్‌వి, కొన్ని పర్షియావి, కొన్ని భారతీయ తివాచీలు. వాటిలో దక్కన్‌లో నేసినవి కూడా ఉన్నాయని తివాచీల చరిత్ర చదివిన నిపుణులు గుర్తించారు. 17, 18 శతాబ్దాల నాటి సరుకు. అప్పట్లో జపాన్ తలుపులు మూసుకుని కూర్చుంది. యూరప్ వర్తకుల్లో డచ్చివాళ్లకొక్కరికే, అదీ నాగసాకి రేవులోని చిన్న దీవిలో మాత్రమే చోటిచ్చింది. ఆ డచ్చివాళ్లకే ఇటు మచిలీపట్నంలో కోఠీ ఉంది. గోల్కొండ రాజ్యం సరుకు సముద్రమెక్కేది అక్కడే. ఓరుగల్లు, ఏలూరు తివాచీలకు అప్పట్లో పెద్ద పేరు.

క్యోటో బట్టల వర్తకులు తమ వీధి రథం పక్క వీధి రథాన్ని మించాలన్న పంతంతో వీటిని కొన్నారు. మన దగ్గర ఆ కాలపు తివాచీలు చాలామటుకు కాళ్ల కింద చిరిగిపోయాయి. అక్కడ ఏడాదికి ఒక్కరోజు బయటికి తీసి, మిగతా 364 రోజులు పెట్టెలో దాచారు కాబట్టి రంగు కూడా వెలవకుండా మిగిలాయి. మన నేతను ఇంత శ్రద్ధగా కాపాడింది పరాయి ఊరి పండుగ!

పావుగంట యుద్ధం, తర్వాత కౌగిలి

చెరకు చేల వైపు వెళ్దాం. బోధన్ దాటి మహారాష్ట్ర సరిహద్దు వైపు వెళ్తే సాలూర మండలంలో హున్సా గ్రామం వస్తుంది. హోలీ నాడు పొద్దున రంగులు, మధ్యాహ్నం కుస్తీ పోటీలు. పక్క ఊళ్ల నుంచి, మహారాష్ట్ర నుంచి పహిల్వాన్లు వస్తారు. పొద్దు వాలాక అసలు కథ. హనుమాన్ గుడి దగ్గర అడ్డంగా పెద్ద తాడు కడతారు. ఊరి మగవాళ్లు రెండు జట్లుగా తాడుకు ఇటూ అటూ చేరతారు. ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో ఎదుటివాడిని పిడికిలి బిగించి గుద్దడమే. పిడిగుద్దులాట అని పేరు. పావుగంట, మహా అయితే ఇంకొంచెం. పెద్దలు ఆపమనగానే ఆగాలి. ముక్కుల నుంచి రక్తం కారుతుండగానే ఒకరినొకరు కౌగిలించుకుంటారు. కాముని దహనం చేసిన బూడిదను దెబ్బల మీద పూసుకుని ఇళ్లకు వెళ్తారు. కేసుల్లేవు, పగల్లేవు. తాత గుద్దినచోటే మనవడు గుద్దుతున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు; నూరేళ్లకు పైబడిన ఆచారమంటారు.

పోలీసులు చాలా ఏళ్లుగా వద్దంటున్నారు. కొన్నిసార్లు అనుమతి నిరాకరించారు. ఆట మాత్రం ఆగలేదు. ఒక ఏడు ఆపితే ఊరికి కీడు జరిగిందని, మనుషులు కొట్టుకోకపోతే ఊళ్లో జంతువులు కొట్టుకుని చచ్చాయని గ్రామస్తులు చెబుతారు. పోలీసు అధికారి అయినా ఈ వాదనకు ఏం జవాబు చెబుతాడు?

నెత్తురు చిందే పండుగలు తెలుగు నేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరుల ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి. అదే జిల్లా కైరుప్పలలో ఉగాది మర్నాడు రెండు వర్గాలు పిడకలు విసురుకుంటాయి. కర్రల యుద్ధంలో తలలు పగులుతాయి, పిడకల యుద్ధంలో కళ్లలో దుమ్ము పడుతుంది. రెండింటికీ మధ్యస్థంగా, చేతిలో ఏమీ లేకుండా సాగేది హున్సాది. దానికి దగ్గరి చుట్టం తెలుగు దేశంలో లేదు, పెరూలో ఉంది. ఆండీస్ కొండల్లోని చుంబివిల్కాస్ ప్రాంతంలో డిసెంబరు 25న తకనకుయ్ అనే పండుగ చేస్తారు. ఏడాదిలో పేరుకుపోయిన తగాదాలను పిడికిళ్లతో తేల్చుకుని, మొదట ఒకసారి, చివర ఒకసారి కౌగిలించుకుంటారు. జపాన్‌లో హిమేజీ దగ్గర అక్టోబరులో జరిగే నాదా పండుగలో మనుషులు కాదు, పల్లకీలు కొట్టుకుంటాయి. దేవుళ్ల పల్లకీలను మోసేవాళ్లు కావాలని ఢీకొట్టిస్తారు. ఎంత పగిలితే దేవుడికి అంత ఆనందమని వాళ్ల లెక్క.

తాడు సంగతి ఒకటి. క్యోటోలో రథాల దారికి అడ్డంగా కట్టిన తాడును రథం మీది పిల్లవాడు కత్తితో నరికితేనే ఊరేగింపు మొదలవుతుంది. హున్సాలో తాడును ఎవరూ నరకరు. ఇరు జట్లూ దాన్నే పట్టుకుని వేలాడతారు. పావుగంటలో కొట్లాట అదుపు తప్పకపోవడానికి, చూసేవాళ్లు గమనించని అసలు కారణం ఆ తాడే. ఒక చెయ్యి తాడుకు అంకితమైపోతే గుద్దడానికి మిగిలేది ఒక్క చెయ్యే. ముందుకు దూకడానికీ లేదు, వెనక నుంచి పట్టడానికీ లేదు. ఈ నియమం పెట్టినవాడు ఎవరో గానీ కుస్తీ తెలిసిన మనిషి.

బకాసురుడి ఊరు, లేని విగ్రహం ఊరు

హున్సా పిడికిళ్లకు పక్కనే బోధన్‌లో పురాణం కూడా తోడుంది. భారతంలోని ఏకచక్రపురం ఇదేనని స్థానికుల నమ్మకం. ఇక్కడ చక్రేశ్వరాలయం ఉంది, బండెడన్నం తిని భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనంటారు. అయితే ఈ ఘనతకు పోటీ గట్టిది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో ఏకచక్ర అనే ఊరే ఉంది. బిహార్‌లో ఆరా పట్టణం వాళ్లూ మాదేనంటారు. దేశంలో అతి ఎక్కువ చోట్ల చచ్చిన రాక్షసుడెవరంటే బకాసురుడి పేరే ముందు వరసలో ఉంటుంది.

బోధన్‌కు మరింత ఘనమైన, మరింత విచిత్రమైన హక్కు ఒకటుంది. బౌద్ధ గ్రంథాలు చెప్పే పదహారు మహాజనపదాల్లో దక్షిణాదిది ఒక్కటే, అశ్మకం. దాని రాజధాని పోదనం ఈ బోధనేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. జైనుల కథలో బాహుబలి ఏలిన పట్టణం కూడా పోదనపురమే. అక్కడ భరత చక్రవర్తి తమ్ముడి కోసం 525 ధనుస్సుల ఎత్తున విగ్రహం నిలిపాడట. గంగరాజుల మంత్రి చావుండరాయడి తల్లి ఆ విగ్రహాన్ని చూస్తే గానీ పాలు ముట్టనని పట్టుబట్టింది. తల్లిని వెంటబెట్టుకుని బయలుదేరిన కొడుకుకు దారిలో తెలిసిందేమిటంటే, పోదనపురం విగ్రహాన్ని కుక్కుట సర్పాలు కప్పేశాయి, మనుషులకు కనిపించదు. అప్పుడు ఆగిన చోటే, శ్రవణబెళగొళలో, క్రీ.శ. 981 ప్రాంతంలో 57 అడుగుల ఏకశిలా విగ్రహం చెక్కించాడు. పన్నెండేళ్లకోసారి దానికి మహామస్తకాభిషేకం చేస్తారు. కిందటిసారి 2018లో జరిగింది. పాలు, చెరకు రసం, పసుపు, గంధం కడవలకొద్దీ పోస్తారు.

చెరకు బోధన్ పంట, పసుపు ఆర్మూరు పంట. కథలోని విగ్రహం ఇక్కడిది, కళ్లకు కనిపించే విగ్రహం కర్ణాటకలో ఉంది. ఆ లేని విగ్రహం ఎత్తును మించిన రికార్డు మాత్రం ఇంతవరకు ఎవరూ పెట్టలేదు.

షక్కర్‌నగర్

ఇది పండుగ కాదు గానీ, వదిలేస్తే బోధన్ వాళ్లు ఊరుకోరు. మంజీర మీద 1923 నుంచి 1931 దాకా నిజాంసాగర్ కట్టారు. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. రెండున్నర లక్షలకు పైగా ఎకరాలకు నీళ్లొచ్చాయి. నీళ్ల వెంట కోస్తా రైతులు వచ్చి వర్ని, రుద్రూరు, కోటగిరి చుట్టూ క్యాంపులు వేసుకున్నారు. వాళ్లతో సంక్రాంతి ముగ్గులూ గొబ్బెమ్మలూ వచ్చాయి. ఇటు మహారాష్ట్ర గాలికి ఎడ్ల పొలాల అమావాస్య ముందునుంచే ఉంది. ఆ రోజు ఎడ్లకు కొమ్ములకు రంగులేసి, గజ్జెలు కట్టి, బొబ్బట్లు తినిపించి ఊరేగిస్తారు. ఒకే కాలువ కింద ఇన్ని రకాల క్యాలెండర్లు నడిచే చోటు తెలంగాణలో అరుదు.

1937లో నిజాం చక్కెర కర్మాగారం పుట్టింది. ఆసియాలోనే పెద్దదని పేరు. కర్మాగారం చుట్టూ వెలిసిన కాలనీ షక్కర్‌నగర్. సొంత చెరకు తోటలు వేల ఎకరాలు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి ఇచ్చారు, 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించారు. గానుగ ఆగిపోయింది. తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికలోనూ వినబడుతుంది. చెరకు రైతుల్లో చాలామంది వరికి మళ్లారు. చక్కెర లేని చక్కెర నగరం: ఈ రికార్డు ఎవరికీ వద్దు.

మరికొన్ని, గబగబా

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది రెంజల్ మండలం కందకుర్తి దగ్గర. మంజీర వచ్చి కలిసేదీ అక్కడే, మూడోది హరిద్ర. 2015 జులైలో పుష్కరాలకు జనం పోటెత్తారు. ఆషాఢంలో వచ్చిన మరో నీళ్ల పండుగ అది. మళ్లీ రావడం 2027లో.

వర్ని వైపు బడా పహాడ్ గుట్ట మీద దర్గా ఉంది. మెట్లెక్కి వెళ్లేవాళ్లలో ఏ మతం వాళ్లు ఎంతమందో లెక్క తీయడం అనవసరం. అక్కడ కందూరు మొక్కు విందు చేసేవాళ్లలో పోచమ్మకు బోనమెత్తే ఇళ్లవాళ్లూ ఉంటారు.

నిజామాబాద్ వినాయక నిమజ్జనం రోజున లారీల వరస ఎంత ఉన్నా, సార్వజనిక్ గణేశ్ మండలి రథాన్ని మాత్రం ఎడ్లే లాగుతాయి. డీజేల మధ్య ఎడ్ల గజ్జెల చప్పుడు వినాలంటే రథానికి బాగా దగ్గరగా నడవాలి.

ఊర పండుగలో గుమ్మరించే పసుపు విషయానికొస్తే, దేశంలో పసుపు బోర్డుకు కేంద్ర కార్యాలయం ఉన్న ఊరు ఇదే. 2025 జనవరిలో సంక్రాంతి నాడు బోర్డు మొదలైంది, జూన్ 29న ఇక్కడ కార్యాలయం తెరిచారు. ఏళ్ల తరబడి పసుపు రైతులు చేసిన పోరాటం దాని వెనక ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి రైతులు గుంపుగా నామినేషన్లు వేయడంతో అభ్యర్థుల సంఖ్య 185కు చేరింది. అన్ని పేర్లకు చోటు కోసం ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఈ జిల్లా ఘనతల్లో అధికారులు కూర్చుని అక్షరాలా లెక్కపెట్టింది ఇదొక్కటే.

చూడాలనుకునేవాళ్లకు

ఊర పండుగ తేదీ అచ్చు క్యాలెండర్లో ఉండదు. జులై వచ్చాక కమిటీ ప్రకటిస్తుంది, ఆదివారమన్నది మాత్రం ఖాయం. హైదరాబాద్ నుంచి దాదాపు 175 కిలోమీటర్లు, రైలూ బస్సూ రెండూ ఉన్నాయి. ఊరేగింపు దారిలో ఆ రోజు బండ్లు తిరగవు, స్టేషను నుంచి నడవడానికి సిద్ధపడండి. తెల్ల చొక్కా వేసుకోకండి. పసుపు ఉతికితే కొంత పోతుంది, సరి మరక పోదు. పెద్దబజార్‌లో మేడ మీద చోటిచ్చేవాళ్లుంటారు, అడిగితే కాదనరు. కానీ అక్కడి నుంచి ఊరేగింపు బాగా కనిపిస్తుంది గానీ సరి అందదు. అది కావాలంటే కిందికి దిగి తోసుకోవాల్సిందే.